పొలిమేర దాటే పత్రం: ముద్ర నుంచి పాస్‌పోర్టు దాకా

కృష్ణా నది ఎడమ ఒడ్డున, నందిగామకు దక్షిణాన ఉన్న చందర్లపాడు ప్రాంతం ఈనాడు ఎన్టీఆర్ జిల్లాలో ఒక మండలం. 2022 ఏప్రిల్ దాకా అది కృష్ణా జిల్లా మెట్ట భాగంలో ఉండేది. ఈ మండలంలోని కొడవటికల్లు, ఉస్తేపల్లి గ్రామాలూ, పక్కనే కంచికచర్ల వైపున్న పరిటాల, గని ఆత్కూరు, మొగులూరు, బత్తినపాడు వంటి గ్రామాలూ ఒకప్పుడు హైదరాబాద్ నిజాం ఏలుబడిలో ఉండగా, వాటిని చుట్టుముట్టిన చందర్లపాడు, నందిగామ ప్రాంతమంతా ముందు ఈస్టిండియా కంపెనీ కింద, తరువాత బ్రిటిష్ ఇండియాలోని మద్రాసు రాజధానిలో ఉండేది. ఒకే నేల, ఒకే భాష, ఒకే పంటలు గల ఊళ్ల నడుమ దాదాపు 180 ఏళ్లపాటు రెండు ప్రభుత్వాల పొలిమేర నడిచింది. ఆ పొలిమేరను దాటడానికి ఎవరికి, ఎప్పుడు, ఏ పత్రం కావలసి వచ్చిందన్న ప్రశ్న ఈ మెట్ట ప్రాంతపు చరిత్రకు పరిమితమైనది కాదు, పాస్‌పోర్టు అనే ప్రపంచవ్యాప్త వ్యవస్థ ఎలా పుట్టి పెరిగిందో కూడా అది తెలియజెప్పగలదు.

సరిహద్దు ఉన్న ప్రతిచోటా మనిషిని గుర్తించే కాగితం కూడా మొదటినుంచీ ఉండే ఉంటుందని సాధారణంగా అనుకుంటారు. తెలుగు నేల అనుభవం దీనికి భిన్నంగా ఉంది. ఇక్కడి పాలకులు చాలా కాలం సరకును, సుంకాన్ని, వజ్రాన్ని కాగితంతో కట్టడి చేశారే గాని, నడిచిపోయే మనిషిని అంతగా పట్టించుకోలేదు. మనిషి శ్రమకు సముద్రాల అవతల గిరాకీ ఏర్పడినప్పుడు, ఆ తరువాత యుద్ధాలూ దేశ విభజనలూ వచ్చినప్పుడు మాత్రమే కాగితం మనిషి వెంటపడింది. పాలకుడి అదుపుకోసం పుట్టిన ఆ పత్రం పౌరుడు అడిగి తీసుకోగల హక్కుగా మారడానికి 20వ శతాబ్దపు రెండో సగం దాకా ఆగవలసి వచ్చింది.

ముద్ర, అభయం, రహదారీ

దేశం ఎల్ల దాటడానికి అనుమతిపత్రం ఉండాలన్న నియమం భారతదేశంలో కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గ్రంథం ముద్రాధ్యక్షుడు అనే అధికారిని పేర్కొంటుంది. రాజముద్ర వేసిన అనుమతిని ఒక మాషకం రుసుముకు ఇవ్వడం అతని పని. ముద్ర ఉన్నవారే జనపదంలోకి రావడానికి గాని, జనపదం నుంచి పోవడానికి గాని అర్హులు. ముద్ర లేకుండా పట్టుబడిన స్థానికునికి 12 పణాల జరిమానా విధించాలనీ, దొంగముద్ర చూపినవారికి అంతకంటే కఠినమైన శిక్ష ఉండాలనీ ఆ గ్రంథం నిర్దేశిస్తుంది. పచ్చిక బయళ్లను చూసుకునే వివీతాధ్యక్షుడు ఆ ముద్రలను తనిఖీ చేయాలి. ఆచరణలో ఈ నియమం ఎంతమేరకు సాగిందన్నది వేరే విషయం. రుసుము, తనిఖీ, నకిలీకి శిక్ష అనే మూడు అంగాలూ నేటి పాస్‌పోర్టు చట్టంలో కూడా ఉన్నాయన్నది మాత్రం గమనించదగినది.

మధ్యయుగపు తెలుగు దేశంలో ఇదే అవసరం మరో రూపంలో కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం పరదేశాల నుంచి వచ్చే ఓడ వర్తకులకు రక్షణ హామీ ఇచ్చింది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాము నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అందులో ప్రకటించారు. ఆ సుంకం ముప్పయింట ఒక వంతు. ఇది ఒక వ్యక్తి చేతిలో పెట్టిన పత్రం కాదు. రాజు రాతిమీద చెక్కించి, రేవుకు వచ్చే ప్రతి పరదేశికీ వర్తించేలా నిలబెట్టిన మాట. అయినా పరాయి రాజ్యంలో అడుగుపెట్టిన మనిషికి ప్రాణభయం, ధనభయం ఉండవని పాలకుడు పూచీపడటమే సరిహద్దు పత్రానికి అసలు ప్రయోజనం అనుకుంటే, తెలుగువారి చరిత్రలో దానికి మోటుపల్లి శాసనం గొప్ప ఉదాహరణ.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలానికి వచ్చేసరికి, మచిలీపట్నం రేవును రాజధానితో కలిపే బాట కొండపల్లి మీదుగా ఈ మెట్ట ప్రాంతంలోంచే సాగింది. ఆ బాటకు దక్షిణాన, కృష్ణకు రెండు ఒడ్డులా, వజ్రపు గనులు ఉండేవి. 1618–22 మధ్య మచిలీపట్నంలో కంపెనీ వర్తకునిగా ఉన్న విలియం మెథ్‌వోల్డ్ గనులను చూసి, పది క్యారట్లకు మించిన రాయి రాజుకే చెందాలన్న నియమాన్ని నమోదు చేశాడు. ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియే నది అవతలి కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేసేవారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. భాగ్యనగరపు వాకిట కొత్తవారిని ఆపి, ఉప్పు, పొగాకు దాచి తెస్తున్నారేమోనని సోదా చేసేవారనీ, పైఅధికారి అనుమతి వచ్చేదాకా పరదేశి ఒకటి రెండు రోజులు నిరీక్షించవలసి వచ్చేదనీ అతడే రాశాడు. ఉప్పు, పొగాకుల మీద వచ్చే ఆదాయమే అక్కడ ముఖ్యం, వచ్చినవాడు ఎవరన్నది ఆ తరువాతి మాట.

ఆనాటి రాకపోకల పత్రాలకు వాడిన మాటలు ఇప్పటికీ తెలుగులో మిగిలి ఉన్నాయి. రహదారీ అంటే బాట వెంట వసూలు చేసే సుంకం, ఆ సుంకం చెల్లించినట్టు గాని మినహాయింపు ఉన్నట్టు గాని తెలిపే చీటీ. దస్తకు అంటే అధికారి ముద్రతో సరకుకు దారి ఇమ్మని చెప్పే ఉత్తరువు. కౌలు అంటే పాలకుడు రాసిచ్చిన హామీ. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన ఫర్మానా, చరిత్రలో బంగారు ఫర్మానాగా పేరుపొందింది. ఏటా 500 పగోడాల స్థిరమొత్తం చెల్లిస్తే తన రేవుల్లో వారు సుంకం లేకుండా వ్యాపారం చేసుకోవచ్చని దాని సారాంశం. ఈ పత్రాలన్నీ వర్తకానికి సంబంధించినవే. తలమీద మూటతో నడిచివెళ్లే కూలీకి, యాత్రికునికి, పెళ్లివారికి పేరు, వయసు, ఆనవాళ్లు రాసిన కాగితం ఏదీ ఇవ్వలేదు, అడగనూ లేదు.

వజ్రాల కోసం మిగిలిన ఊళ్లు

1766 నవంబరులో నిజాం అలీఖాన్ కుదుర్చుకున్న ఒడంబడికతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. 1768 ఒప్పందం దీన్ని ఖాయపరచింది, గుంటూరు సర్కారు మాత్రం 1788లో గాని అందలేదు. కొండపల్లి సర్కారులోని నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఇలా కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది. ఆనాటికి బేతవోలుగా ఉన్న ఊరిని పెంచి, తన తండ్రి జగ్గన్న పేరు మీద జగ్గయ్యపేటగా మార్చిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కంపెనీకి పేష్కషు, అంటే జమీందారు కట్టవలసిన కప్పం, చెల్లించే జమీందారే. అయితే పరిటాల, కొడవటికల్లు, ఉస్తేపల్లి మొదలైన గనుల గ్రామాలను నిజాం వజ్రాల కోసం తన కిందనే ఉంచుకున్నాడని జిల్లా చరిత్ర గ్రంథాలు చెబుతాయి. కంపెనీ ఉద్యోగి, ప్రకృతిశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైనె 1814లో అచ్చయిన తన గ్రంథంలో ఈ ప్రాంతపు గనులను వర్ణించాడు. 19వ శతాబ్దంలో గనులు ఉడిగిపోయినా పొలిమేర మాత్రం చెరగలేదు. చుట్టూ పరాయి ప్రభుత్వపు భూమితో దీవిలా మిగిలిన ఇలాంటి భూభాగాన్ని రాజకీయ శాస్త్రంలో ఎన్‌క్లేవ్ అంటారు. దీనికి ఎదురు ఉదాహరణ మునగాల పరగణా. జగ్గయ్యపేటకు పడమర ఉన్న ఆ జమీందారీ కృష్ణా జిల్లాలో భాగమై, నిజాం భూముల నడుమ నిలిచింది.

పొలిమేర మీద ప్రభుత్వాల చూపు మళ్లీ సరకు మీదే నిలిచింది. 1802లో కంపెనీకి, నిజాముకు మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం ఇరువైపులా సరకుల మీద నూటికి 5 వంతుల సుంకాన్ని నిర్ణయించింది. హైదరాబాద్ రాజ్యంలో ఈ సుంకాల శాఖకు కరోడ్‌గిరీ అని పేరు. సరిహద్దు బాటల మీద కరోడ్‌గిరీ నాకాలు, అంటే సుంకం వసూలుచేసే ఠాణాలు ఉండేవి. నాణెం కూడా వేరే. నిజాం సొంత రూపాయి హాలీ సిక్కా, బ్రిటిష్ రూపాయి కల్దారు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. ఒక ఊరి నుంచి పక్క ఊరికి ఎడ్లబండి మీద ధాన్యం, పొగాకు, బట్టలు తోలుకువెళ్లే రైతుకు, వర్తకునికి సుంకం రసీదు, మారకపు బట్టా రెండూ తప్పనిసరి వ్యవహారాలయ్యాయి.

మనిషికి మాత్రం పాస్‌పోర్టు లాంటిది అవసరం లేదు. చుట్టరికాలు, సంతలు, తిరునాళ్లు, కోర్టు పనులు, కూలి పనులు పొలిమేరకు రెండు వైపులా స్వేచ్ఛగా సాగాయి. చందర్లపాడు మనిషికీ కొడవటికల్లు మనిషికీ ఉన్న తేడా న్యాయశాస్త్రంలో ఉండేది. మొదటివాడు పుట్టుకతో బ్రిటిష్ ప్రజ. రెండోవాడు నిజాం ప్రజ, అంతర్జాతీయ వ్యవహారాల్లో అతన్ని బ్రిటిష్ రక్షిత వ్యక్తి అనేవారు, అంటే బ్రిటిష్ ప్రభుత్వం ప్రజగా అంగీకరించకుండానే విదేశాల్లో రక్షణ ఇచ్చే మనిషి అని అర్థం. ఓడెక్కి పరదేశం పోవలసి వచ్చిననాడు ఈ ఇద్దరి పత్రాల్లో జాతీయత అనే గడి ఒకలా ఉండదు. పొలిమేర దాటి హైదరాబాదులో ఉద్యోగం కోరేవారికి కూడా మనిషిని గూర్చిన పత్రం కావలసి వచ్చింది. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం, ప్రభుత్వోద్యోగానికి అర్హత గల ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవాలంటే రాజ్యంలో పుట్టి ఉండాలి, లేదా 15 ఏళ్లు అక్కడ స్థిరంగా నివసించి, తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని ప్రమాణం చేయాలి. పొలిమేర దాటడానికి అడ్డు లేకున్నా, దాటినవాడికి దక్కే హక్కులు కాగితంతో ముడిపడ్డాయి.

మనిషి వెంట నడిచిన కాగితం

తెలుగు మనిషి పేరు, ఒడ్డూపొడుగూ, ఒంటిమీది మచ్చలు సరిహద్దు కోసం కాగితానికెక్కింది పంట పొలిమేర మీద కాదు, ఓడ రేవుల్లో. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి, నిర్ణీతకాలం పనిచేస్తామని ఒడంబడిక రాయించుకుని కూలీలను తీసుకుపోయే ఇండెంచర్ పద్ధతి మొదలైంది. 1837లో తొలి చట్టం వచ్చింది. తరువాతి చట్టాలు మద్రాసు, కలకత్తా రేవుల్లో వలస సంరక్షకుడు అనే అధికారిని నియమించాయి. అతని సంతకంతో ఇచ్చే ఎమిగ్రేషన్ పాస్, అంటే వలస అనుమతిపత్రం, మీద కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, పుట్టుమచ్చలు నమోదయ్యేవి. 1860 నవంబరులో మద్రాసు నుంచి దర్బాన్ చేరిన ట్రూరో ఓడలోనూ, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి సాగిన ప్రయాణాల్లోనూ తెలుగు కుటుంబాలు ఈ పాసులతోనే వెళ్లాయి. తమ పూర్వీకుల ఊరి పేరు వెతుక్కునే దక్షిణాఫ్రికా, ఫిజీ తెలుగువారికి నేడు దొరికే ఆధారం ఎక్కువగా ఆ పాసే.

ఆ పత్రం కూలీకి రక్షణ పేరుతో పుట్టినా, వాస్తవంలో తోట యజమానికి అతన్ని కట్టిపడేసే తాడుగా పనిచేసింది. కోరంగి రేవు నుంచి 1830ల చివరి నుంచీ తెలుగువారు చేరిన మారిషస్‌లో, ఒడంబడిక గడువు తీరిన కూలీ కూడా తన ఫోటో అంటించిన పాసును వెంట ఉంచుకోవాలని 1867 నాటి శాసనం విధించింది. పాసు లేకుండా పట్టుబడితే దేశదిమ్మరిగా జైలుపాలు కావలసిందే. బ్రిటిష్ పాస్‌పోర్టు మీద ఫోటో తప్పనిసరి అయింది మొదటి ప్రపంచ యుద్ధకాలంలో. అంతకు దాదాపు అర్ధశతాబ్దం ముందే ఫోటో గుర్తింపు పత్రాన్ని వెంట మోసినవారు భారత వలస కూలీలు. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో 1907 నాటి ఆసియావాసుల చట్టం ప్రతి భారతీయుడూ పది వేళ్ల ముద్రలతో నమోదు పత్రం తీసుకోవాలన్నప్పుడు, గాంధీ నాయకత్వాన సత్యాగ్రహం సాగింది. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా పత్రాలను తగలబెట్టారు. తమిళులతో పాటు తెలుగువారూ ఉన్న ఆ సమాజం గుర్తింపు అనే భావననే కాదనలేదు. ఒక జాతి మనుషులను మాత్రమే నేరస్థులతో సమానంగా నమోదు చేయడాన్ని ఎదిరించింది. రాజ్యం మనిషిని గుర్తించడం వేరు, అనుమానించడం వేరు అన్న వివేకాన్ని ఆ పోరాటం లోకానికి నేర్పింది.

బర్మా కథ మరో విధంగా సాగింది. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూన్ పోయే తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. మేస్త్రీ ఇచ్చిన బయానా, ఓడ టికెట్ ఉంటే చాలు, పాస్‌పోర్టు ప్రసక్తే లేదు, ఎందుకంటే బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోవడంతో ఆ సముద్రం ఒక్కసారిగా సరిహద్దు అయింది. 1941లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన వలస ఒప్పందం పాస్‌పోర్టు, ప్రవేశానుమతి అయిన వీసా లేదా ప్రత్యేక పర్మిట్ ఉంటేనే భారతీయులు బర్మాలో అడుగుపెట్టాలని నిర్ణయించింది. అది పూర్తిగా అమలు కాకముందే జపాన్ దండయాత్ర వచ్చిపడి, లక్షలాది మంది కొండదారుల్లో కాలినడకన వెనక్కి వచ్చారు. తరాలుగా అక్కడ బతికినవారు, తాము కదలకుండానే, ఎల్ల మారడం వల్ల పరదేశులయ్యారు. 1960లలో తిరిగివచ్చిన కుటుంబాల పేరుతో విశాఖపట్నంలో బర్మా క్యాంపు నేటికీ ఉంది.

యుద్ధం తెచ్చిన పుస్తకం

నేటి పాస్‌పోర్టు మొదటి ప్రపంచ యుద్ధపు సంతానం. యుద్ధానికి ముందు ఐరోపాలో చాలా దేశాల మధ్య పత్రం లేకుండా ప్రయాణం సాగేది. గూఢచారుల భయంతో 1914–18లో విధించిన తనిఖీలు యుద్ధం ముగిశాక కూడా తొలగలేదు. 1920 అక్టోబరులో పారిస్‌లో నానాజాతి సమితి ఆధ్వర్యంలో జరిగిన సమావేశం, అన్ని దేశాలకూ ఒకే నమూనా ఉండేలా 32 పుటల చిన్న పుస్తకాన్ని సూచించింది. భారత ప్రభుత్వం అదే ఏడాది 34వ చట్టంగా ఇండియన్ పాస్‌పోర్టు చట్టాన్ని చేసింది. దేశంలోకి వచ్చేవారి వద్ద పాస్‌పోర్టు ఉండాలన్నది దాని విషయం. దేశం వదిలి వెళ్లే భారతీయునికి పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వ ఇష్టానికే మిగిలిపోయింది. 1922 వలస చట్టం కూలీల వలసను విడిగా అదుపుచేసింది. ఇలా చదువుకున్నవారికి పాస్‌పోర్టు, కూలీలకు వలస అనుమతి అనే రెండు దారులు ఏర్పడ్డాయి.

ఈ తొలి పాస్‌పోర్టులతో సముద్రాలు దాటిన తెలుగువారిలో వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. భీమవరంలో పుట్టిన ఆయన 1923లో బోస్టన్ చేరారు. 1917 నాటి అమెరికా చట్టం ఆసియా దేశాలవారి వలసను నిషేధించినా విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది. భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏడాదికి వంద మంది వలసకు అవకాశం 1946లో గాని దక్కలేదు. 1965 చట్టం ఆ జాతిభేదాన్ని తీసివేసిన తరువాతే తెలుగు వైద్యులకు, ఇంజనీర్లకు అమెరికా దారి వెడల్పయింది. సొంత దేశం ఇచ్చే పాస్‌పోర్టు బయలుదేరడానికే పనికివస్తుందనీ, చేరవలసిన దేశపు తలుపు తెరవాల్సింది వీసా అనీ ఆ తరం తొలిగా తెలుసుకుంది.

పదమూడు నెలల సరిహద్దు

చందర్లపాడు పరిసరాల్లోని పాత పొలిమేర నిజంగా అంతర్జాతీయ వివాదాంశమైన కాలం 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 వరకు సాగిన 13 నెలలు. బ్రిటిష్ అధికారం తొలగగానే తాను స్వతంత్రుడనవుతానని నిజాం 1947 జూన్‌లో ఫర్మానా వెలువరించాడు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో కుదిరిన యథాతథ ఒప్పందం, అంటే పాత ఏర్పాట్లను ఏడాది పాటు కొనసాగించే ఒడంబడిక, వివాదాన్ని ఆపలేకపోయింది. కొద్ది వారాల్లోనే నిజాం ప్రభుత్వం భారత రూపాయి తన రాజ్యంలో చెల్లదని ఉత్తరువు జారీ చేసింది. 1948 ఆగస్టులో హైదరాబాద్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. ఆ వాదనే నిలిచి ఉంటే, కొడవటికల్లు చేను గట్టు రెండు సార్వభౌమ దేశాల మధ్య ఎల్ల అయ్యేది, పక్క ఊరి పెళ్లికి పాస్‌పోర్టు కావలసి వచ్చేది.

ప్రజలు ఆ స్థితికి చోటు ఇవ్వలేదు. చుట్టూ స్వతంత్ర భారతం ఉండగా నిజాం జెండా కింద మిగిలిన పరిటాల పరగణా ప్రజలు తమను తాము విముక్తులుగా ప్రకటించుకుని పాలన నడిపారు. చరిత్రలో దానికి పరిటాల రిపబ్లిక్ అని పేరు. నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల దాడులకు తాళలేక తెలంగాణ పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఏ పత్రమూ లేకుండా ఎల్ల దాటి కృష్ణా జిల్లాలో తలదాచుకున్నాయి. సరిహద్దు వెంట వెలసిన హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ శిబిరాల కార్యకర్తలు కరోడ్‌గిరీ నాకాలను లక్ష్యంగా చేసుకున్నారు. సామాన్యునికి నిజాం అధికారం నిత్యం ఎదురయ్యే చోటు ఆ నాకాయే. 1948 సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్యలో మేజర్ జనరల్ ఎ. ఎ. రుద్ర నాయకత్వాన ఒక దళం విజయవాడ నుంచి మునగాల, సూర్యాపేటల దిశగా ఈ ప్రాంతం మీదుగానే సాగింది. హైదరాబాద్ విలీనం తరువాత, ఇలాంటి విడి భూభాగాలను పక్క పరిపాలనా ప్రాంతాల్లో కలిపేందుకు 1950 జనవరిలో కేంద్రం ఉత్తరువు ఇచ్చింది. పరిటాల గ్రామాలు కృష్ణా జిల్లాలో అంతర్భాగమయ్యాయి. మునగాల పరగణా 1959లో నల్లగొండ జిల్లాలో చేరింది. హాలీ సిక్కా కూడా 1950లలో చలామణీ నుంచి తొలగిపోయింది.

అనుగ్రహం నుంచి హక్కుకు

దేశంలోపలి ఎల్లలు చెరిగినా, దేశం వెలుపలికి వెళ్లే పత్రం మాత్రం రాజ్యాంగం వచ్చిన 17 ఏళ్ల దాకా పాత పద్ధతిలోనే నడిచింది. పాస్‌పోర్టు జారీని నియంత్రించే చట్టమే లేదు. అధికారి ఇస్తే ఇచ్చినట్టు, కారణం చెప్పకుండా తిరస్కరిస్తే తిరస్కరించినట్టు. ఈ స్థితిని మార్చిన తీర్పు రాజమహేంద్రవరంలో పుట్టి, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు కలం నుంచి వెలువడింది. భారత ప్రధాన న్యాయమూర్తిగా ఆయన 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో ఐదుగురి ధర్మాసనం తరఫున మెజారిటీ తీర్పు ఇస్తూ, విదేశాలకు వెళ్లే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కాపాడే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా ప్రభుత్వం తన ఇష్టానుసారం దాన్ని నిరాకరించజాలదని స్పష్టం చేశారు. ఇద్దరు న్యాయమూర్తులు విభేదించినా మెజారిటీ తీర్పే శాసనమైంది. మరునాడే ఆయన రాష్ట్రపతి ఎన్నికలో పోటీకోసం పదవికి రాజీనామా చేశారు.

ఆ తీర్పు ఫలితంగా కేంద్రం ముందు ఆర్డినెన్సును, 1967 జూన్ 24 నుంచి పాస్‌పోర్టుల చట్టాన్ని తెచ్చింది. తిరస్కరణకు కారణాలు చట్టంలో ఉన్నవే అయి ఉండాలి, వాటిని రాతపూర్వకంగా నమోదు చేయాలి, దరఖాస్తుదారునికి అప్పీలు చేసుకునే అవకాశం ఉండాలి. 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కి, పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే ప్రక్రియ కూడా న్యాయంగా, సమంజసంగా ఉండాలని చెప్పింది. భారతదేశంలో జీవించే హక్కు పరిధిని విస్తరింపజేసిన ఎన్నో తీర్పులకు ఆ కేసు పునాది అయింది. ముద్రాధ్యక్షుని కాలం నుంచి పాలకుని దయగా ఉన్న పత్రం, ఒక తెలుగు న్యాయమూర్తి తీర్పుతో మొదలై దాదాపు పదకొండేళ్లలో పౌరుని హక్కుగా స్థిరపడింది.

హక్కు చేరని చోటు

అయితే కూలీకి ఒక దారి, చదువుకున్నవారికి ఒక దారి అన్న పాత విభజన పూర్తిగా పోలేదు. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివారు గల్ఫ్‌తో సహా నిర్దేశించిన దేశాలకు పనికి వెళ్లాలంటే వలస సంరక్షకుని అనుమతి కావాలి. ఈ అనుమతి అవసరమని పాస్‌పోర్టు మీద గుర్తు ఉన్నవారిని ఈసీఆర్ ప్రయాణికులంటారు. కార్మికుని మోసాల నుంచి కాపాడటం దీని ఉద్దేశమే గాని, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, ఉత్తర తెలంగాణ నుంచి వెళ్లే కార్మికులు ఏజెంట్ల మాట విని సందర్శకుల వీసా మీద ప్రయాణిస్తే ఆ రక్షణ అందదు. గల్ఫ్‌లో యజమాని కార్మికుని పాస్‌పోర్టును తన వద్ద ఉంచుకోవడం దీర్ఘకాలంగా సాగిన దురాచారం. 1967 పాస్‌పోర్టుల చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎల్లవేళలా కేంద్ర ప్రభుత్వపు ఆస్తి, ఏ యజమానికీ దానిని బిగపట్టుకునే హక్కు లేదు. ఆ పత్రం చేజారిన కార్మికుడు స్వదేశం చేరడానికి రాయబార కార్యాలయం ఇచ్చే తాత్కాలిక పత్రాన్ని గల్ఫ్ తెలుగువారు అవుట్‌పాస్ అంటారు. ఇల్లు చేరడానికే పనికివచ్చే ఆ కాగితం, హక్కు ఉండీ అందుబాటులో లేని స్థితికి గుర్తు.

పల్లెలో పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేవారికి మరో రకం అడ్డంకులు ఉన్నాయి. పుట్టిన తేదీ పంచాయతీ రిజిస్టరులో లేనప్పుడు పదో తరగతి సర్టిఫికెట్టే ఆధారమైంది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత రాసే తెలుగు పద్ధతి, స్కూలు రికార్డులో పొడి అక్షరాలుగా మిగిలిన ఇంటిపేరు, ఆధార్‌లో మరో వరుసలో నమోదైన పేరు, ఇవన్నీ కలిసి ఒకే మనిషిని కాగితాల మీద ముగ్గురుగా చూపుతాయి. 2010 నుంచి విస్తరించిన పాస్‌పోర్టు సేవా కేంద్రాలు, 2017 నుంచి తపాలా కార్యాలయాల్లో తెరిచిన కేంద్రాలు దూరాన్ని తగ్గించాయి. 2024లో ప్రయోగాత్మకంగా మొదలైన చిప్ అమర్చిన ఈ-పాస్‌పోర్టు నకిలీలను కష్టతరం చేసింది. కాని మొదటి రికార్డు తప్పుగా ఉంటే చిప్ ఆ తప్పునే మరింత గట్టిగా భద్రపరుస్తుంది.

చందర్లపాడు చుట్టూ గడిచిన శతాబ్దాలు చెప్పేది ఒక్కటే. పొలిమేరలు ప్రభుత్వాలు గీసుకునేవి, వజ్రాల కోసమో, సుంకం కోసమో, సార్వభౌమత్వం కోసమో. వాటికి ఇరువైపులా బతికేవారికి కావలసింది తాము ఎవరో సంశయం లేకుండా చెప్పగల, తమ చేతిలోనే ఉండే, అవమానం తేని ఒక పత్రం. మోటుపల్లి శాసనం ఇచ్చిన అభయం, 1908లో కాలిన పత్రాలు అడిగిన గౌరవం, 1967 తీర్పు గుర్తించిన హక్కు, ఈ మూడూ కలిసినప్పుడే పాస్‌పోర్టు తన పని తాను చేసినట్టవుతుంది. విమానాశ్రయంలో ఒక ఉన్నతోద్యోగి పాస్‌పోర్టు ఎంత సులభంగా చెల్లుతుందన్నదాన్ని బట్టి దాని విలువ కట్టకూడదు. పరదేశపు పనిచోట పదో తరగతి దాటని ఒక తెలుగు కూలీ తన పాస్‌పోర్టును తన దగ్గరే ఉంచుకోగలుగుతున్నాడా లేదా అన్నదే దాని విలువకు సరైన కొలత. చట్టం ఇప్పటికే ఇచ్చిన ఆ హామీని ఆ కూలీ దాకా చేర్చే బాధ్యత పత్రం జారీ చేసిన ప్రభుత్వానిదే.